పాత స్పోర్ట్స్ కారు ఇంజిన్ ట్యూనింగ్: అదనపు పవర్ అసలెక్కడ దొరుకుతుంది?

1964లో పోర్షే 911 అమ్మకానికి వచ్చినప్పుడు దాని 1991 సీసీ ఇంజిన్ 6100 ఆర్‌పీఎం దగ్గర 130 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆ తర్వాత 1967 మోడల్‌గా 911ఎస్ వచ్చింది. అదే 1991 సీసీ, అవే ఆరు సిలిండర్లు, కానీ పవర్ మాత్రం 160. ఈ 30 గుర్రాలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో చూద్దామని టార్క్ లెక్క తీస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. క్రాంక్‌ను, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసును, మెలితిప్పే బలమే టార్క్ కదా, అది మామూలు 911లో 174 న్యూటన్ మీటర్లు, ఎస్‌లో 179. మూడు శాతం కూడా పెరగలేదు. పవర్ మాత్రం 23 శాతం పెరిగింది! అసలు మారింది ఆ టార్క్ దొరికే చోటు. 4200 ఆర్‌పీఎం దగ్గర ఉండే శిఖరం 5200కి జరిగింది, ఇంజిన్ 6600 దాకా ఆయాసపడకుండా తిరిగింది.

ట్యూనింగ్ గురించి ఎవరైనా ఒకే ఒక్క విషయం తెలుసుకుంటే చాలు అనుకుంటే, నేను చెప్పేది ఇదే. గాలిని బలవంతంగా లోపలికి తోసే టర్బో, సూపర్‌ఛార్జర్ లేని పాత ఇంజిన్‌లో, సైజు పెంచకుండా టార్క్‌ను పెద్దగా పెంచలేం. ఉన్న టార్క్‌ను ఇంకా ఎక్కువ ఆర్‌పీఎం దాకా జారిపోకుండా పట్టుకోగలం, అంతే. పవర్ అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించగా వచ్చేదే కాబట్టి, అదే బలం ఎక్కువ చుట్ల దగ్గర దొరికితే పవర్ పెరిగినట్టు. కొనే ప్రతి పార్టూ, గీకే ప్రతి పోర్టూ (గాలి, పొగ పోయే దారి) చివరికి ఈ ఒక్క పనికోసమే. దీని మూల్యం కూడా అందులోనే ఉంది, పైన బలం పెంచే మార్పుల్లో చాలావరకు కింద బలం తగ్గిస్తాయి.

ఇక్కడి నుంచి ఎంజీబీ ఇంజిన్‌ను ఉదాహరణగా పెట్టుకుని మాట్లాడతాను. 1962 నుంచి 1980 దాకా తయారైన కారు అది, పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లలో చాలామంది మొదట చెయ్యి పెట్టేది ఇలాంటిదాని మీదే. పైగా అందులో ఉన్నది కుటుంబాలు తిరిగే సెడాన్‌లలో కూడా వాడిన మోటు ఇంజిన్, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ-సిరీస్. పోర్షే ఇంజనీర్లు ముందే చేసిపెట్టిన పని ఇందులో మనం చేసుకోవాలి, అందుకే నేర్చుకోవడానికి ఇదే మంచిది.

1798 సీసీ, నాలుగు సిలిండర్లు. ఫ్యాక్టరీ చెప్పిన లెక్క: 3000 దగ్గర 110 పౌండ్-ఫుట్ టార్క్, 5400 దగ్గర 95 హార్స్‌పవర్. ఈ రెండు అంకెల మధ్యే మొత్తం కథ ఉంది. పౌండ్-ఫుట్ టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 5252తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. దీన్నే తిరగేసి 5400 దగ్గర టార్క్ ఎంతుందో చూస్తే 92 వస్తుంది. అంటే 3000 నుంచి 5400కి వెళ్లేసరికి 18 పౌండ్-ఫుట్ ఎటో పోయింది. ఆ 110ని అలాగే 5400 దాకా నిలబెట్టగలిగితే పవర్ 113 అవుతుంది. ఇంజిన్ పెద్దది చేయలేదు, ఇంధనం మార్చలేదు, పోయేదాన్ని పోనివ్వలేదు, అంతే.

మరి ఎందుకు పోతోంది? ఊపిరాడక. 3000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంజీబీలో గాలి లోపలికి వచ్చే తలుపు, అదే ఇన్‌లెట్ వాల్వ్, తెరుచుకుని ఉండేది క్రాంక్ 252 డిగ్రీలు తిరిగేదాకా, అంటే 14 మిల్లీసెకన్లు. 5400 దగ్గర అదే వాల్వ్ 8 మిల్లీసెకన్లు కూడా తెరిచి ఉండదు. ఆ కాస్త సమయంలో దాదాపు 450 సీసీ గాలి పెట్రోల్ కలిపే కార్బురేటర్ దాటి, మ్యానిఫోల్డ్ అనే గొట్టాల్లో వంపు తిరిగి, వాల్వ్ పక్క సందులోంచి దూరి సిలిండర్‌లోకి చేరాలి. మొత్తం ఇంజిన్‌కి సెకనుకు 80 లీటర్ల గాలి. సిలిండర్ సగం ఆకలితో ఉండగానే తలుపు మూసుకుపోతుంది. దారిలో ఎక్కడ ఇరుకుందో వెతికి పట్టుకోవడం పేరే ట్యూనింగ్.

ముందు పోయిన గుర్రాలను ఇంటికి తోలుకురండి

యాభై అరవై ఏళ్ల ఇంజిన్ ఫ్యాక్టరీ చెప్పిన 95 ఇస్తోందని అనుకోవడం ఉత్త అమాయకత్వం. చాలా కార్లలో ట్యూనింగ్ పేరుతో వచ్చే మొదటి లాభమంతా నిజానికి రిపేరు లాభమే. అందుకని పార్టుల కేటలాగ్ పక్కన పెట్టి, ముందు సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పట్టుకోండి. అన్ని ప్లగ్గులూ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టి నాలుగు సిలిండర్లూ చూడండి. అంకె ఎంతొచ్చింది అనేదానికంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అనేది ముఖ్యం.

ఒకటి తక్కువ చూపిస్తే లీక్‌డౌన్ టెస్ట్ చేయాలి. దానికి కావలసింది ఎక్కువగా చెవులే. పిస్టన్‌ను పైన పెట్టి ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి వినాలి. కార్బురేటర్ దగ్గర బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వ్ పట్టడం లేదు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడ వినిపిస్తే రింగులు అరిగాయి, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ (సిలిండర్ల పైమూత) గ్యాస్కెట్. ఇలా కారే ఇంజిన్ మీద హై-లిఫ్ట్ క్యామ్ (వాల్వులను ఇంకా ఎక్కువ తెరిచే ఇరుసు) పెట్టడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

ఇంకో రెండు చిన్న విషయాలు, నవ్వకండి. ఒకటి: ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమని, ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బురేటర్ గొంతులోని బటర్‌ఫ్లై తలుపు నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడండి. సాగిన కేబుల్ వల్లో, కాళ్ల కింద మందంగా వేసిన కార్పెట్ వల్లో అది ముప్పావు వంతే తెరుచుకునే కార్లు ఉంటాయి. రెండు: ప్రతి వాల్వ్ నిజంగా ఎంత కిందికి దిగుతోందో డయల్ గేజ్‌తో కొలవండి. అరిగిపోయిన క్యామ్ మీద ట్యాపెట్లు ఎంత శ్రద్ధగా సెట్ చేసినా లాభం ఉండదు.

నిప్పు ఎప్పుడు పెట్టాలి

తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం ఇచ్చేది ఇగ్నిషన్ టైమింగ్. దాన్నే అందరూ చివరికి వదిలేస్తారు.

స్పార్క్ పడగానే గాలి-పెట్రోల్ మిశ్రమం బాంబులా పేలిపోదు, మంట ప్లగ్ దగ్గర మొదలై అంచుల దాకా పాకుతుంది. దానికి టైమ్ పడుతుంది. ఒత్తిడి శిఖరానికి చేరేసరికి పిస్టన్ పైనుంచి కాస్త కిందికి తిరిగి ఉండాలి, అప్పుడే తోపు సరిగ్గా తగులుతుంది. అందుకని పిస్టన్ పైకి రాకముందే నిప్పు పెట్టాలి. చుట్లు పెరిగేకొద్దీ ఇంకా ముందే పెట్టాలి. ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు చేసే పని ఇదే: తిరిగే వేగానికి బరువులు బయటికి విచ్చుకుని టైమింగ్‌ను ముందుకు తిప్పుతాయి. అయితే ఒక స్థాయి దాటాక ముందుకు జరపడం ఆపేయాలి. చుట్లు పెరిగినప్పుడు లోపల గాలి సుడులు తిరిగి మంట కూడా తనంతట తానే వేగంగా పాకుతుంది మరి. బీ-సిరీస్‌కి మొత్తం అడ్వాన్స్ (నిప్పు ఎన్ని డిగ్రీలు ముందు పడాలో ఆ లెక్క) సాధారణంగా 32 డిగ్రీల చుట్టుపక్కల కుదురుతుంది.

ఆ స్ప్రింగులు ఎన్ని దశాబ్దాలవో ఆలోచించండి. సాగిపోయి ఉంటాయి. బరువుల పిన్నులు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ఐడ్లింగ్ దగ్గర పుస్తకంలో ఉన్న డిగ్రీలు పెట్టేసి పని అయిపోయిందనుకుంటే, 4000 దగ్గర అది 24 చూపిస్తోందో 40 చూపిస్తోందో ఎవరికీ తెలియదు. మొదటిదైతే పవర్ పోతుంది, రెండోదైతే ఇంజినే పోతుంది. కాబట్టి పై చుట్ల దగ్గర మొత్తం ఎంత వస్తుందో చూసి అక్కడ సరిగ్గా పెట్టాలి, ఐడ్లింగ్ దగ్గర ఎంతొస్తే అంత రానివ్వాలి, మరీ తేడా ఉంటే డిస్ట్రిబ్యూటర్ విప్పి లోపల సరిచేయించాలి. టైమింగ్ లైట్ నమ్మే ముందు పుల్లీ మీద గీత నిజమైన టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ పూర్తిగా పైనుండే స్థానం) దగ్గరే ఉందా అని కూడా చూసుకోండి. రెండు ముక్కల మధ్య రబ్బరు ఉండే పుల్లీలలో బయటి వలయం జారిపోయి, గీత అబద్ధం చెప్పడం మామూలే.

టైమింగ్ మరీ ముందుకు పోతే వచ్చేది నాకింగ్. మంట చేరేలోపే మూలలో మిగిలిన మిశ్రమం ఒత్తిడికి, వేడికి తనంతట తాను భగ్గుమంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు సన్నటి చప్పుడు వస్తే అదే. కొత్త కార్లలో దాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటుంది, వెంటనే కంప్యూటర్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. మన పాత కారులో ఆ సెన్సర్ మన చెవులే. అదీ ఎగ్జాస్ట్ మోత పెంచుకోనంత కాలం.

పెట్రోల్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఈ ఇంజిన్లు తయారైన రోజుల్లో పెట్రోల్‌లో సీసం కలిపేవారు. అది నాకింగ్‌ను ఆపేది, ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు అరగకుండా కాపాడేది. 2021తో ప్రపంచంలో ఎక్కడా కార్లకు సీసం పెట్రోల్ అమ్మకం లేకుండా పోయింది. కాబట్టి హెడ్ ఎలాగూ విప్పుతున్నప్పుడు గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించుకోవడం తెలివైన పని. ఇప్పటి పెట్రోల్‌లో కలిసే ఇథనాల్ వల్ల ఇంకో చిక్కుంది: దానిలోనే ఆక్సిజన్ ఉండటం వల్ల అదే జెట్‌తో (పెట్రోల్ వచ్చే రంధ్రం) మిశ్రమం కాస్త లీన్ (గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా) అవుతుంది, పాత రబ్బరు పైపులు మెత్తబడి పగుళ్లిస్తాయి కూడా.

కార్బురేటర్, అందం, ఆశ

ఎంజీబీకి ఫ్యాక్టరీ ఇచ్చింది రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, ఒకటిన్నర అంగుళాల హెచ్‌ఎస్4లు. (అమెరికాకు వెళ్లిన కార్లకు 1975 నుంచి ఒకే ఒక స్ట్రాంబర్గ్ పెట్టారు, పాపం వాటి గోడు వేరు.) ఎస్‌యూను చాలామంది పాతకాలపు మొండి యంత్రం అనుకుంటారు, నాకు మాత్రం అదో అద్భుతం. లోపల ఒక పిస్టన్ ఉంటుంది, దానికి అడుగున సన్నగా కోసుగా చెక్కిన ఒక సూది, ఆ సూది జెట్‌లోకి దిగి ఉంటుంది. ఇంజిన్ ఎంత గాలి పీలిస్తే పిస్టన్ అంత పైకి లేస్తుంది, సూది సన్నటి భాగం జెట్ దగ్గరికి వస్తుంది, పెట్రోల్ అంత ఎక్కువ పారుతుంది. మిశ్రమం ఏ దశలో ఎంత ఉండాలో ఆ సూది ఒంపులోనే రాసి ఉంటుంది. ఇంజిన్‌లో ఊపిరి పెంచే మార్పు ఏది చేసినా సూది మార్చాలి, ఈ మాట మర్చిపోతే పెట్టిన ఖర్చంతా నీళ్లపాలు.

దీని మిశ్రమం సరిచూసే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో ఉండగా కార్బురేటర్ పక్కనున్న చిన్న పిన్ను వేలితో మెల్లగా పైకి నొక్కాలి. పిస్టన్ ఒక మిల్లీమీటర్ కంటే తక్కువే లేవాలి. ఇంజిన్ చప్పుడు పెరిగి అలాగే ఉండిపోతే రిచ్ (పెట్రోల్ ఎక్కువ), కుంటుకుంటూ ఆగిపోబోతే లీన్, ఒక్క క్షణం కాస్త పెరిగి మళ్లీ మామూలైపోతే సరిగ్గా ఉన్నట్టు. కింద ఉన్న ఆరు మూలల నట్టును ఒక్కో మూల చొప్పున తిప్పుకుంటూ పోవాలి, కిందికి దించితే రిచ్, పైకి ఎక్కిస్తే లీన్. ఇది ఐడ్లింగ్ వరకే, పూర్తిగా తొక్కినప్పటి సంగతి సూది చూసుకుంటుంది. పైన మూత విప్పితే డ్యాంపర్‌లో ఆయిల్ కనబడాలి. అది ఎండిపోతే ఠక్కున తొక్కినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా పైకెగిరి, మిశ్రమం లీనై ఇంజిన్ తడబడుతుంది. "పికప్ లేదు, పెద్ద కార్బురేటర్ వేయాలి" అన్న బండికి చారెడు ఆయిల్ కూడా అక్కర్లేకుండా, నాలుగు చుక్కలతో జబ్బు నయమైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక వెబర్ కార్బురేటర్ల మోజు. వాటిలో 45 డీసీఓఈ ఒకటి బానెట్ కింద కనబడితే ఆ హోదానే వేరు, అది పీల్చే గాలి మోత వింటే ఒంట్లో ఏదో అవుతుంది, నేను కాదనను. కానీ తక్కిన ఇంజిన్ మామూలుగానే ఉండగా అది పెట్టుకుంటే పైన పటారం, లోన లొటారం. కార్బురేటర్ గొట్టం అవసరం కంటే వెడల్పైతే గాలి వేగం తగ్గుతుంది, పెట్రోల్ సన్నటి తుంపరగా విడిపోదు, కింది చుట్ల దగ్గర కారు మొద్దుబారుతుంది. మోత పెరిగింది కాబట్టి వేగం కూడా పెరిగిందని మనసు నమ్మేస్తుంది, స్టాప్‌వాచ్ నమ్మదు. రెండు మంచి ఎస్‌యూలు, అరిగిన స్పిండిల్స్ (బటర్‌ఫ్లై తిరిగే కడ్డీలు) మార్పించి, సరైన సూదులతో ఉంటే రోడ్డు మీద తిరిగే బీ-సిరీస్‌కి అవి చాలు.

గాలి చల్లగా అందుతోందా అన్నది కూడా చూసుకోవాలి. 20 డిగ్రీల గాలి 50 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత 9 శాతం తగ్గుతుంది. బయటి నుంచి చల్లటి గాలి తెచ్చే డబ్బా తీసిపారేసి, మెరిసే చిన్న ఫిల్టర్లు పెట్టి, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ పక్కనే కాగిన గాలిని తాగించడం నాకెప్పుడూ అర్థం కాని ఆనందం.

హెడ్, క్యామ్: అసలు బేరం ఇక్కడే

బీ-సిరీస్ హెడ్‌లో ఒక పుట్టు లోపం ఉంది. నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ దారులు రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4కి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరుస, 1-3-4-2. అంటే 2 పీల్చిన వెంటనే, సగం చుట్టు తేడాతో, పక్కనున్న 1 అదే దారిలో పీల్చాలి. వాల్వ్ 252 డిగ్రీలు తెరిచి ఉంటుంది, తేడా 180 డిగ్రీలే, కాబట్టి 72 డిగ్రీల పాటు రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి, ఒకే గొట్టం కోసం కొట్టుకుంటాయి. ఒకరి నోటి దగ్గరది ఇంకొకరు లాక్కోవడమే. అటువైపు ఎగ్జాస్ట్‌లో ఈ గొడవ లేదు. దారులు మూడే, మధ్యది 2, 3కి ఉమ్మడి, కానీ ఆ రెండూ సరిగ్గా ఒక చుట్టు తేడాతో పేలతాయి కాబట్టి ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డు రాదు. పొడవాటి మధ్య గొట్టం ఉన్న ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ఈ ఇంజిన్‌కి బాగా పనిచేయడానికి కారణం ఇదే.

అన్నట్టు, "ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలి" అనే మాట చాలామంది నోట వింటుంటాం. ఏ ఇంజిన్‌కీ అక్కర్లేదు. కావలసింది వేగంగా పోయే పొగ, అది వెనకాల వదిలే లాగుడు. గొట్టం మరీ వెడల్పైతే ఆ వేగం పోతుంది, అది చూసి బ్యాక్ ప్రెషర్ తగ్గడం వల్లే పవర్ పోయిందని లెక్క తప్పుతారు.

హెడ్ పని అనగానే పోర్టులు అద్దంలా మెరిపించడం గుర్తొస్తుంది. అది ఫొటోలకు బాగుంటుంది. లాభమంతా వాల్వ్ సీటుకు అటూ ఇటూ అంగుళంలోపే ఉంది: సీటు మీద మూడు కోణాల్లో కోత, దాని కింద గొంతు నున్నటి ఒంపు, వాల్వ్ వెనక అనవసరమైన మిట్ట తీసేయడం. కొంచెం పెద్ద ఇన్‌లెట్ వాల్వ్ కూడా వేయిస్తారు. 911ఎస్‌లో పోర్షే చేసింది కూడా ఇదే, ఇన్‌లెట్ 39 మిల్లీమీటర్ల నుంచి 42కి, ఎగ్జాస్ట్ 35 నుంచి 38కి పెంచారు.

హెడ్ విప్పినప్పుడే కంప్రెషన్ కూడా పెంచుకోవచ్చు. లెక్క తేలికే. ఒక సిలిండర్ 450 సీసీ, 8.8 కంప్రెషన్ నిష్పత్తి (మిశ్రమం ఎన్నో వంతుకు నొక్కుకుపోతుందో ఆ లెక్క) అంటే పిస్టన్ పైన మిగిలే చోటు దాదాపు 57.7 సీసీ. దాన్ని 9.75 చేయాలంటే 51.4కి తేవాలి, ఆరు సీసీ చిల్లర తగ్గాలి. హెడ్ అడుగు గీకిస్తే తగ్గుతుంది. దీనివల్ల నేరుగా వచ్చే లాభం సిద్ధాంతం ప్రకారం మూడు శాతమే. మూడు శాతం కోసం ఇంత పనా అనిపిస్తుంది. దాని అసలు అవసరం క్యామ్ మార్చినప్పుడు తెలుస్తుంది.

ఈ ముడి విప్పడమే అన్నిటికంటే ముఖ్యం అనుకుంటా, కాస్త నిదానంగా చూద్దాం. ఇన్‌లెట్ వాల్వ్ పిస్టన్ అడుగుకు చేరగానే మూసుకోదు. మామూలు ఎంజీబీ క్యామ్‌లో అడుగు దాటి 56 డిగ్రీలు తిరిగాక మూసుకుంటుంది. అప్పటికి పిస్టన్ దాదాపు ఆరో వంతు దూరం పైకి వచ్చేసి ఉంటుంది. పైకి వస్తూ గాలిని వెనక్కి తోసేయదా? నెమ్మదిగా తిరిగేటప్పుడు తోసేస్తుంది. కానీ వేగంగా తిరిగేటప్పుడు గొట్టంలో పరుగెత్తుకొస్తున్న గాలికి ఊపు ఉంటుంది, పిస్టన్ ఎదురొస్తున్నా అది లోపలికి దూసుకొస్తూనే ఉంటుంది. ఆ ఊపు తీరే క్షణానికి తలుపు వేసేయాలి. రేసు తరహా క్యామ్ చేసేదల్లా ఆ తలుపును ఇంకా ఆలస్యంగా వేయడం. ఉదాహరణకు 70 డిగ్రీలకు మూసిందనుకోండి, పిస్టన్ పావు వంతుకు పైగా పైకి వచ్చేసి ఉంటుంది. 6000 దగ్గర అది వరం. 2000 దగ్గర, ఊపు లేని గాలిలో పావు వంతు కార్బురేటర్‌లోకే తిరిగి వెళ్లిపోతుంది, నొక్కడానికి మిగిలేదే తక్కువ. కంప్రెషన్ కాగితం మీద 8.8 ఉన్నా ఇంజిన్ అనుభవించేది అంతకంటే చాలా తక్కువ. అందుకే పెద్ద క్యామ్ పెట్టిన కారు ట్రాఫిక్‌లో ఎగిరెగిరి పడుతుంది, ఐడ్లింగ్ నిలవదు. ఆ పోయినదాన్ని కొంత పూడ్చడానికే కంప్రెషన్ పెంచుతారు. క్యామ్ ఒక్కటే మార్చి హెడ్ వదిలేసినవాళ్లు, హెడ్ గీకించి క్యామ్ వదిలేసి నాకింగ్‌తో బాధపడేవాళ్లు, ఇద్దరూ సగం బేరమే చేశారు.

ఉమ్మడి పోర్టు సంగతి కూడా గుర్తుంచుకోండి. 285 డిగ్రీల క్యామ్ పెడితే పక్కపక్క సిలిండర్ల కొట్లాట 72 డిగ్రీల నుంచి 105కి పెరుగుతుంది. అందుకే ఈ ఇంజిన్‌లో క్యామ్‌ను ఓ మెట్టు తక్కువే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. కేటలాగ్‌లో "ఫాస్ట్ రోడ్" అని ఉండే వాటిలో కూడా మెత్తటిదే.

కొత్త క్యామ్ వేసిన రోజు ఒక జాగ్రత్త. మొదటిసారి స్టార్ట్ అయ్యాక ఆనందంతో ఐడ్లింగ్‌లో వదిలేసి ఫొటోలు తీయకూడదు. మొదటి ఇరవై నిమిషాలు 2000 నుంచి 2500 మధ్య ఆపకుండా తిప్పాలి. క్యామ్ మీదికి ఆయిల్ చిమ్మేది క్రాంక్ వేగమే, ఐడ్లింగ్‌లో అది చాలదు, కొత్త లోబ్ (వాల్వును తోసే క్యామ్ ఉబ్బు) నిమిషాల్లో గీసుకుపోతుంది. ఆయిల్ కూడా జింక్ సరిపడా ఉన్నదే పోయాలి. ఇవన్నీ చేయాలంటే ఇంజిన్ మొదటి సెల్ఫ్‌కే అందుకోవాలి, అంటే టైమింగ్, పెట్రోల్ ముందే చూసుకుని ఉండాలి.

కింద ఉన్నది ఓర్చుకోవాలిగా

పైన ఊపిరి పెంచితే చుట్లు పెరుగుతాయి, చుట్లు పెరిగితే కింద పిస్టన్లు, రాడ్లు మోయాల్సిన బరువు పెరుగుతుంది, అదీ చుట్ల వర్గం (స్క్వేర్) లెక్కన. 5400 నుంచి 6500కి వెళ్తే చుట్లు 20 శాతమే పెరిగినట్టు కనిపిస్తుంది, రాడ్ బోల్టుల మీద లాగుడు మాత్రం 45 శాతం పెరుగుతుంది. ఎంజీబీ స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 88.9 మిల్లీమీటర్లు, 5400 దగ్గరే పిస్టన్ సగటు వేగం సెకనుకు 16 మీటర్లు. పోర్షేది 66 మిల్లీమీటర్ల పొట్టి స్ట్రోక్, 6600 దగ్గర కూడా పద్నాలుగున్నరే. వాళ్లు ఆ చుట్లలో అంత ధీమాగా తిరగడానికి కారణాల్లో ఇదొకటి, మనం దాన్ని అనుకరించాలంటే కొత్త రాడ్ బోల్టులు, బ్యాలెన్సింగ్ లేకుండా కుదరదు. 1964లో బీ-సిరీస్ క్రాంక్‌కు మూడు బదులు ఐదు మెయిన్ బేరింగ్‌లు వచ్చాయి. అంతకు ముందు ఇంజినైతే నేను 6000 దాటనివ్వను.

తేలిక ఫ్లైవీల్ (క్రాంక్ చివర తిరిగే బరువైన చక్రం) వేస్తే పవర్ పెరుగుతుందంటారు. పెరగదు. స్థిరంగా ఒక ఆర్‌పీఎం దగ్గర కొలిస్తే ఒక్క గుర్రం కూడా తేడా రాదు. కానీ చుట్లు పెరిగేటప్పుడు ఆ చక్రాన్ని తిప్పడానికి ఖర్చయ్యే శ్రమ తగ్గుతుంది, అది ఫస్ట్, సెకండ్ గేర్లలో బాగా తెలుస్తుంది, టాప్ గేర్‌లో దాదాపు తెలియదు. నాకిష్టమైన మార్పే, పేరు మాత్రం సరిగ్గా పెట్టాలి.

అన్నీ అయ్యాక రోలింగ్ రోడ్ (కారు కదలకుండా చక్రాలు తిప్పి పవర్ కొలిచే మెషీన్) మీదికి ఎక్కించాలి. పొగను బట్టి మిశ్రమం కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ టెయిల్ పైపులో పెడతారు. పూర్తిగా తొక్కినప్పుడు గాలి-పెట్రోల్ నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్య ఉంటే మంచి పవర్ వస్తుంది, 14 దాటి లీన్ వైపు పోతుంటే అక్కడే ఆపించండి, సూది మారాలి. చివర్లో చేతికిచ్చే కాగితం మీద అందరి కళ్లూ పెద్ద అంకె మీదే పడతాయి. అది చక్రాల దగ్గర కొలిచిందా, గేర్‌బాక్స్ నష్టం అంచనా వేసి ఇంజిన్ లెక్కగా పెంచి రాసిందా అని అడగండి, ఒకే కారుకు ఈ రెండింటి మధ్య చాలా తేడా ఉంటుంది. అందుకే పని మొదలుపెట్టకముందే అదే మెషీన్ మీద ఒకసారి కొలిపించుకుని ఆ కాగితం దాచుకోవాలి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ముందు 2500 దగ్గర టార్క్ గీత చూడండి. అక్కడ పాత గీత కంటే కొత్తది బాగా కిందికి దిగిపోయి ఉంటే, రోజూ ఆ కారు నడిపేది ఆ 2500 దగ్గరే అని గుర్తొచ్చి, పెట్టెలో పడేసిన పాత క్యామ్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.